గోగు చేను పసుపెక్కితే అది తెగులేనా?

వంశధార పొడుగునా, ఒరిస్సా వైపు గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగువాళ్ళుండే ఊళ్ళల్లోను, ఇటు ఆంధ్రా వైపు కొత్తూరు, హిరమండలం, పాతపట్నం గరువు భూముల్లోను తొలకరికి నార కోసం గోగు చల్లేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఒకప్పుడు ఉన్నంత లేకపోయినా ఉన్నారు. జులై ఆఖరు నుంచి సెప్టెంబర్ దాకా ఈ చేలల్లో ఏదో ఒక మూల పసుపు కనబడటం మామూలు. కనబడ్డాక జరిగేది కూడా మామూలే. రెండు ఆకులు తెంపి జేబులో పెట్టుకుని, లేదంటే ఫోన్లో ఫోటో తీసుకుని మందుల కొట్టుకి వెళ్తారు, కొట్టాయన అది చూసి ఒక తెగులు మందు, ఒక పురుగు మందు, పైన ఒక టానిక్ ఇస్తాడు, మూడూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టేస్తారు. వారం తర్వాత చేను తిరుక్కుంటే మందు బాగుందంటారు, తిరుక్కోకపోతే కంపెనీ మారుస్తారు. రెండు సందర్భాల్లోనూ చేనుకి అసలేమైందో ఎవరికీ తెలీదు, తెలుసుకునే వీలు కూడా పోయింది, ఎందుకంటే మూడు మందులు ఒకేసారి పడ్డాక ఏది పనిచేసిందో, లేక వాన ఆగి ఎండ కాసినందుకే బాగుపడిందో చెప్పేదెవరు.

తప్పంతా కొట్టాయనది అనలేం. తెంపిన ఆకులో ఉండే సమాచారమే తక్కువ. నీళ్ళు నిలిచినా ఆకు పసుపే, నత్రజని చాలకపోయినా పసుపే, మొదలు కుళ్ళినా, వేరుకి నులిపురుగు పట్టినా, వైరస్ వచ్చినా, పచ్చదోమ పీల్చినా చివరికి పసుపే. వీటిని విడదీసేవి మూడు సంగతులు: ఆ ఆకు మొక్క మీద పైనుందా కిందుందా, ఆ మొక్క చేనులో ఎక్కడుంది, ఇది ఎప్పుడు ఏం జరిగాక మొదలైంది. ఈ మూడూ చేనులోనే ఉండిపోతాయి, జేబులో ఇమడవు. కాబట్టి రోగం పేరు పట్టుకునే పని ఆకుతో కాకుండా చేను గట్టు మీద నిలబడి మొదలుపెట్టాలి.

గట్టు మీంచి చూసినప్పుడు ముందు పట్టుకోవాల్సింది పసుపు ఏ ఆకారంలో ఉందనేది. గీత గీసినట్టు తిన్నగా ఒక వరస దాకా ఉండి ఆగిపోతే అది దాదాపు ఎప్పుడూ మనిషి చేసిన పనే. యూరియా చల్లేటప్పుడు చెయ్యి అందని మేర, స్ప్రేయర్ రెండోసారి తిరిగిన సాలు, విత్తనం సంచి మారిన చోటు, ఇలాంటివి. పురుగుకీ బూజుకీ తిన్నటి గీతతో పనిలేదు. అదే గుండ్రంగానో కోడిగుడ్డు ఆకారంలోనో ఒక మచ్చలా పడి, మధ్యలో మొక్కలు గిడసబారి అంచులకి వచ్చేసరికి కొంచెం కొంచెం ఎత్తు పెరుగుతూ ఉంటే నేలలోనే ఏదో ఉన్నట్టు, అంటే వేరు కుళ్ళు గాని నులిపురుగు గాని, ఒక్కోసారి పాత కల్లం చోటో చెద పుట్ట దున్నేసిన చోటో కూడా అవ్వొచ్చు. పల్లంలో మాత్రమే ఉంటే నీళ్ళు. ఒక గట్టు వైపు మాత్రమే ఉండి లోపలికి పోయేకొద్దీ తగ్గిపోతుంటే పక్క చేనులోంచి వచ్చిందన్నమాట, పురుగైనా కావచ్చు గాలికి కొట్టుకొచ్చిన కలుపు మందైనా కావచ్చు. ఇవేవీ కాకుండా చేనంతా పచ్చగా ఉండి మధ్యమధ్య అక్కడొకటి ఇక్కడొకటి నిమ్మపండులా మెరిసిపోతున్న మొక్కలుంటే వైరస్ మీద అనుమానం పెట్టాలి, ఎందుకంటే తెల్లదోమ ఎగిరి వాలిన చోటల్లా ఒక్కో మొక్కకి అంటిస్తుంది, దానికి పల్లం మెరక తేడా లేదు.

ఇంత చూసాకే లోపలికి దిగాలి. దిగినప్పుడు కూడా గట్టు పక్క రెండు వరసలు చూసి వచ్చేస్తే లాభం లేదు, గోగు నిలువెత్తు దాటాక లోపల ఏముందో బయటికి కనబడదు, అడ్డంగా ఐమూలగా నడవాల్సిందే. చచ్చిపోయిన మొక్క దగ్గర టైమ్ వేస్ట్ చెయ్యొద్దు. చచ్చాక దాని మీద ఎక్కే బూజులు వేరే, అసలు చంపింది వేరే. సగం బాగుండి సగం పాడైన మొక్క, పక్కనే పూర్తిగా బాగున్న మొక్క, ఈ రెండూ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే చాలా తెలుస్తుంది.

ఇప్పుడు ఆకు. పసుపు కింది ఆకుల నుంచి మొదలైందా, పై చిగురు నుంచా అన్నది మొదటి ప్రశ్న. నత్రజని, పొటాష్, మెగ్నీషియం లాంటివి మొక్క లోపల కదులుతాయి, చాలకపోతే మొక్క ముసలి ఆకుల్లోంచి లాగి చిగురుకి పంపించుకుంటుంది, అందుకే కింద పండిపోతుంది. గంధకం, ఇనుము, బోరాన్ అంత తేలిగ్గా కదలవు, అవి చాలకపోతే కొత్త ఆకే పాలిపోతుంది, కింద పచ్చగానే ఉంటుంది. కింది ఆకులన్నీ ఒకే తీరుగా లేత పసుపుకి మారితే నత్రజని. పై ఆకులన్నీ ఒకే తీరుగా లేత పసుపైతే గంధకం. చాలామంది ఈ రెండోదాన్ని కూడా నత్రజని అనుకుని యూరియా దంచుతారు, రంగు మాత్రం రాదు. గజపతి, రాయగడ జిల్లాల ఎర్ర నేలల్లో గంధకం తక్కువ ఉండటం కొత్తేం కాదు, పైగా సూపర్ మానేసి యూరియా, డీఏపీలతోనే నెట్టుకొచ్చే చోట ఇది ఇంకా పెరుగుతుంది, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేసినప్పుడు దాంతోపాటే 11 శాతం గంధకం కూడా నేలకి అందేది, డీఏపీలో అది లేదు.

తర్వాత ఈనెలు. ఆకుని ఎండకి అడ్డం పెట్టి చూస్తే ఈనెలు పచ్చగా ఉండి మధ్య కండ పసుపుగా ఉందా, లేక ఈనెలే పసుపుగా ఉండి మధ్యలో కండ పచ్చగా ఉందా అన్నది తేలిపోతుంది. మొదటిది పోషక లోపం, అది కింది ఆకుల్లో ఉంటే మెగ్నీషియం, పై ఆకుల్లో ఉంటే ఇనుము. రెండోది పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. ముందు సన్న ఈనెలు పసుపు వల లాగా తేలతాయి, ముదిరాక ఆకంతా పసుపైపోయి వల కూడా కనబడదు, అప్పుడు చూస్తే ఏదో తెలీక గందరగోళం, అందుకే కొత్తగా మొదలైన మొక్క వెతుక్కోవాలి. బెండలో ఈ రకం తెగులు చూసినవాళ్ళకి గోగులో గుర్తుపట్టడం కష్టం కాదు, రెండూ ఒకే కుటుంబం మొక్కలు. వచ్చిన మొక్కకి మందు లేదు, ఏం కొట్టినా ఆ మొక్క తిరుక్కోదు. పది పదిహేను మొక్కలున్నప్పుడే పీకి పాతిపెట్టి, తెల్లదోమ చూసుకోవడం ఒక్కటే దారి. చేను సగం పసుపయ్యాక దోమ మందు కొట్టడం జేబు ఖాళీ చేసుకోవడమే.

ఇనుము గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య చిగురు పాలిపోయిందంటే చాలు ఐరన్ చీలేట్ ప్యాకెట్ చేతిలో పెడుతున్నారు. ఈ కొండవారల ఎర్ర నేలలు పులుపు నేలలు, పులుపు నేలలో ఇనుము మొక్కకి బాగానే అందుతుంది, అందని చోటు సున్నం ఎక్కువున్న నేల. అంటే ఈ గరువుల్లో ఇనుము లోపం రావడం అరుదు. ఇక్కడ నిజంగా చూసుకోవాల్సినవి గంధకం, బోరాన్, అసలు నేల పులుపు. ఉదజని సూచిక 5.5 కన్నా దిగిపోయిన నేలలో వేసిన భాస్వరం కూడా నేలే పట్టేసుకుంటుంది, అక్కడ ఏ స్ప్రే అయినా పైపూతే, సున్నం వెయ్యాలి. రాయగడ వైపు కాయితం మిల్లు సున్నపు బురద కూడా దీనికి వాడుకోవచ్చు, కాకపోతే మట్టి పరీక్ష చూసుకుని వెయ్యాలి.

ఆకు అంచులు కాలినట్టు ఉంటే రెండు సంగతులు కలగాపులగం అవుతాయి. ముసలి ఆకుల అంచులు ఎండుతూ లోపలికి వస్తుంటే పొటాష్. అలా కాకుండా మధ్య ఆకులు, పై ఆకులు దొన్నెలా మడుచుకుని, అంచులు ముందు పసుపై తర్వాత ఎర్రబడి కాలితే పచ్చదోమ. ఆకు తిప్పి చూస్తే లేత పచ్చ పిల్ల పురుగులు పీతలా పక్కకి నడుస్తాయి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూస్తే దొరుకుతాయి, మధ్యాహ్నం చూసి ఏం లేవని వచ్చేసేవాళ్ళు ఎక్కువ.

ఇంతవరకు ఆకు సంగతి. కానీ గోగుని నిజంగా నిలువునా కూల్చేది ఆకు జబ్బు కాదు, మొదలు కుళ్ళు. నార పంటకి కాండమే పంట కాబట్టి ఎక్కువసేపు చూడాల్సింది కూడా అక్కడే. వరసగా నాలుగు రోజులు ముసురు పట్టి, తర్వాత ఒక్కసారిగా ఎండ కాస్తే ఇది బయటపడుతుంది. మొక్క మధ్యాహ్నం వాలిపోతుంది, సాయంత్రం కొంచెం లేస్తుంది, రెండు మూడు రోజులకి ఇంక లేవదు. చాలామంది పైన వాడిన ఆకు చూసి నీళ్ళు చాల్లేదనుకుంటారు, లేదా ఎండుతెగులు అంటారు. వంగి నేలని ఆనుకున్న చోట కాండం చూస్తే గోధుమ నలుపు మచ్చ తడితడిగా ఉండి, పైకి పాకుతూ, చుట్టూ తిరిగి ఉంగరంలా కమ్మేస్తుంది, బెరడు వేలితో నొక్కితే జారిపోతుంది. ముసురులో అయితే దాని మీద తెల్లగా పల్చటి బూజు కూడా కనబడుద్ది. గాలి వీస్తే మొక్క అక్కడే విరిగి పడిపోతుంది. నీళ్ళు పారిన దారి వెంబడే ఇది పోతుంది, పై మడిలోంచి కింద మడిలోకి.

దీనికి కారణం ఫైటాఫ్తోరా అనేది. ఇక్కడే రోగం పేరు తప్పు చెప్పుకుంటే ఎంత నష్టమో తెలుస్తుంది. కుళ్ళు అనగానే ఊళ్ళల్లో అందరి నోటా వచ్చే మందు కార్బెండజిమ్. కానీ ఫైటాఫ్తోరా మామూలు శిలీంధ్రాల కుటుంబం కాదు, అది నాచులకి దగ్గర చుట్టం, కార్బెండజిమ్ దాన్ని ఏమీ చెయ్యదు, బకెట్లు బకెట్లు పోసినా చెయ్యదు. దానికి మెటలాక్సిల్ ఉన్న మందు గాని, రాగి మందు గాని కావాలి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి మొదళ్ళు తడిసేలా పొయ్యాలి, ఆకుల మీద పొగలా కొడితే మొదటికి చేరదు. ఇంకో వైపు, పొడి వాతావరణంలో బెట్ట తగిలినప్పుడు మొదలు ఎండి బూడిద రంగుకి వచ్చి, బెరడు చీలికలై, దాని మీద బొగ్గు పొడి చల్లినట్టు సన్న నల్ల చుక్కలుంటే అది వేరే బూజు, మాక్రోఫామినా. అక్కడ మెటలాక్సిల్ దండగ. చూడ్డానికి రెండూ మొదలు కుళ్ళే, తడి కుళ్ళా పొడి కుళ్ళా అన్నదే తేడా, ఆ తేడా చూడకుండా కొన్న మందు కొట్టాయన లాభానికే తప్ప చేనుకి కాదు. ఏదో తేలకపోతే కాండం ముక్క కోసి, తడి కాయితం వేసిన డబ్బాలో మూతపెట్టి ఒకట్రెండు రోజులు ఉంచితే బూజు పైకి తేలి కొంత తెలుస్తుంది, ఖర్చు లేని పరీక్ష.

అసలు ఏ మందుకన్నా ముందు చెయ్యాల్సింది కాలవ తియ్యడం. ఈ కొండవారల గోగు చేలు చాలా వరకు వరి మడుల పైన మెరకలో ఉంటాయి కాబట్టి నీళ్ళు నిలవవు అనుకుంటారు, కానీ కింది అంచున వరి గట్టు ఎత్తు చేసి కట్టేసరికి ఆ గట్టుకి ఆనుకున్న నాలుగైదు వరసలు చిత్తడైపోతాయి, మొదలు కుళ్ళు అక్కడే పుడుతుంది. గోగు బెట్టకి ఓర్చుకుంటుంది గాని నీటి ఊటకి ఓర్చుకోదు, అందులోనూ గోగులో ఉన్న రెండు జాతుల్లో గోంగూర జాతి అసలు ఓర్చుకోదు. నీళ్ళు నిలిచిన చోట నత్రజని కూడా పోతుంది, వేరుకి గాలి ఆడక ఉన్నది కూడా తీసుకోలేదు, కింది ఆకులు పండిపోతాయి. ఇది రోగం కాదు, నీళ్ళు తీసేసి లీటరుకి 20 గ్రాముల యూరియా కలిపి ఆకు మీద కొడితే వారంలో తేరుకుంటుంది. తేరుకోని మొక్కల మొదళ్ళు మాత్రం చూసుకోవాలి.

వేరు చూడటానికి పీకితే సగం వేరు నేలలో ఉండిపోతుంది, పారతో మట్టితో సహా లేపి నీళ్ళలో కడగాలి. తడి ఉన్నా మధ్యాహ్నం వాడిపోతూ, గుండ్రటి మచ్చలా గిడసబారిన మొక్కల వేర్లకి ముడులు ముడులుగా ఉబ్బులుంటే వేరుముడి నులిపురుగు. ఆ రెండు జాతుల్లో, గంజాయి ఆకు లాగా లోతుగా చీలిన ఆకుండే కెనాఫ్ రకానికి ఇది బాగా పడుతుంది, గోంగూర జాతికి అంత పట్టదు. ముందు పంట వంగ, టమాట, బెండ వేసిన చేను అయితే అనుమానం బలపడుతుంది, వాటి మీద నులిపురుగు పెరిగి కూర్చుంటుంది. ఇంకో నార పంట జనుము వేసిన చేనులో మాత్రం వేరు మీద ముడి కనబడగానే భయపడొద్దు, జనుము పప్పు జాతి, దాని వేరు మీద నత్రజని బుడిపెలు సహజం. బుడిపె వేరు పక్కకి అతుక్కున్నట్టుంటుంది, వేలితో తీస్తే ఊడి వస్తుంది, చిదిమితే లోపల గులాబీ రంగు. నులిపురుగు ముడి వేరే ఉబ్బినట్టుంటుంది, ఊడదు. జనుము నులిపురుగుని తగ్గించే పంట కూడా, అందుకే కూరగాయలకీ గోగుకీ మధ్యలో ఒక కారు జనుము వేసి కలియదున్నేవాళ్ళు తెలిసి చేసినా తెలియక చేసినా మంచి పని చేస్తున్నట్టే.

కొన దగ్గరికి వస్తే ఇంకా ఎక్కువ తికమక. కొన ముడుచుకుపోయింది అనేది ఒక్క మాట, దాని వెనక నాలుగు కారణాలు. కొన గుత్తిలా గట్టిగా ముద్దకట్టి, విప్పితే లోపల తెల్ల పిండి ఉండి, కాండం మీద చీమలు ఎక్కిదిగుతుంటే పిండినల్లి. చీమల బారు చూస్తేనే సగం తెలిసిపోతుంది, అవి తేనె జిగురు కోసం వస్తాయి. ఆ కొనలు తుంచి కవర్లో వేసి కాల్చెయ్యాలి, చేనులో పడేస్తే మళ్ళీ పాకుతాయి. విప్పితే పురుగూ లేదు పిండీ లేదు, ఆకు కిందకి గాని పైకి గాని చుట్టుకుని ఈనెలు లావెక్కి ఉంటే వైరస్ ముడత. కొన మొగ్గ నల్లబడి చచ్చిపోయి, దాని కింద ఆకులు మందంగా పెళుసుగా విరుగుతుంటే బోరాన్ లోపం, లీటరుకి గ్రామున్నర దాకా బోరాక్స్ కొట్టి చూడొచ్చు, ఎక్కువ కొడితే అదే విషం.

నాలుగోది ఈ మధ్య ఎక్కువవుతున్నది, ఎవరూ ఒప్పుకోనిది. ఆకులు సన్నగా వేళ్ళలాగా సాగిపోయి, ఈనెలన్నీ పక్కపక్కకి వచ్చేసి, కొన మెలి తిరిగి, ఫెర్న్ మొక్కలా తయారైతే అది 2,4-డి దెబ్బ. వరిలో వెడల్పాకు కలుపుకి కొట్టే మందు ఇది, గోగు, పత్తి, బెండ లాంటివాటికి దీని వాసన తగిలినా చాలు, అందులోనూ ఈస్టర్ రకం ఆవిరై గాల్లో పోతుంది. పక్క వరి మడిలో కొట్టిన వారం పది రోజులకి గాలి వాలున ఉన్న అంచు మొక్కలన్నీ ఒకే వయసు ఆకులు ఒకేసారి ఇలా అవుతాయి. వైరస్ అయితే ఒక్కో మొక్కకి ఒక్కో రోజు వస్తుంది, ఇంత క్రమశిక్షణగా రాదు. ఇంకో దారి ఉంది, అది ఇంకా బాధాకరం, వరికి కలుపు మందు కొట్టిన స్ప్రేయరే సరిగా కడక్కుండా గోగుకి పురుగు మందు కొట్టడానికి తెచ్చేస్తారు, అప్పుడు మొదటి ట్యాంకు పడ్డ సాళ్ళు మాత్రం దెబ్బతిని తర్వాత తగ్గుతూ పోతుంది. అద్దె స్ప్రేయర్లు వచ్చాక ఏ చేనులో ఏం కొట్టొచ్చిందో అడిగేవాళ్ళు లేరు. దెబ్బ తక్కువైతే తర్వాత వచ్చే ఆకులు మామూలుగానే వస్తాయి, ఏ మందూ అక్కర్లేదు, కానీ వైరస్ అనుకుని పీకేసినవాళ్ళూ ఉంటారు.

వయసు లెక్క కూడా ఉండాలి. మొలిచిన మూడు వారాల్లో ఆకులకి చిన్న పెంకుపురుగు గుండ్రటి బెజ్జాలు పెడితే పట్టించుకోవాలి, మొలకకి ఉన్నదే నాలుగాకులు. అదే బెజ్జాలు మూడు నెలల చేనులో కనబడితే గాభరా పడక్కర్లేదు, ఆకు అమ్ముకునే పంట కాదిది. నామాల పురుగు పై ఆకులు తిన్నా, కొన మొగ్గ వదిలేస్తే మొక్క లాక్కొస్తుంది, కొన పోతే మాత్రం పక్క కొమ్మలు వేస్తుంది, కొమ్మ వేసిన చోట నార పోగు తెగుతుంది, ధర పడిపోతుంది. కాండం మీద ఒక చోట గుండ్రంగా ఉబ్బి, కోస్తే లోపల మెలికలు మెలికలుగా తొలిచిన సొరంగం ఉంటే అది కాండం తొలిచే పెంకుపురుగు పిల్ల, ఆ చోటే విరుగుతుంది, విరక్కపోయినా నార తియ్యడానికి నీళ్ళలో ఊరవేసాక నారలో ముడి పడుతుంది. అంటే ఆకు మీద పది మచ్చలకన్నా కాండం మీద ఒక ఉబ్బు ఖరీదైనది, కానీ కంటికి ముందు కనబడేది ఆకు మచ్చే కాబట్టి డబ్బంతా అక్కడ ఖర్చవుతుంది.

అసలు జబ్బే కానివి కొన్ని ఉన్నాయి. ఎర్ర కాడ రకాల్లో కాండం ఎర్రగా ఉంటే భాస్వరం లోపం అని చెప్పేవాళ్ళుంటారు, అది దాని రంగు. దట్టంగా పెరిగిన చేనులో నడుం కింద ఆకులు రాలిపోతే ఎండ తగలక రాలాయి, అంతే. వానలు ఆలస్యమై ఆగస్టులో చల్లిన గోగు నడుమెత్తులోనే పూతకొచ్చేస్తే విత్తనం కల్తీ అని గొడవ పడతారు, గోగు పగటి పొద్దు తగ్గడం చూసి పూస్తుంది, ఎప్పుడు చల్లినా పూత మాత్రం ఆ కాలానికే వస్తుంది, ఆలస్యంగా చల్లితే పెరిగే రోజులు తగ్గిపోతాయి. దానికి టానిక్ లేదు.

జనుము గురించి విడిగా చెప్పాలంటే ముఖ్యమైనవి రెండే. ఎండుతెగులులో మొక్క నిలబడే ఎండిపోతుంది, మొదలు మీద తడి కుళ్ళు ఉండదు, కాండం నిలువునా చీల్చితే లోపల గోధుమ రంగు చారలుంటాయి, ఇది నేలలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది కాబట్టి ఆ చేనులో మళ్ళీ జనుము వెయ్యకపోవడమే మందు. రెండోది వెర్రి తెగులు, పువ్వు పసుపుగా విచ్చుకోకుండా పచ్చటి ఆకుల గుత్తిలా మారిపోతుంది, విత్తనం కట్టదు, పచ్చిరొట్టకి వేసినవాళ్ళకి దీంతో నష్టం లేదు, వరి కోసాక విత్తనం కోసం చల్లినవాళ్ళకి ఉంది. ఆకులు తిని కాయల్లో దూరే చుక్కల గొంగళి పురుగు కంటికి కనబడేదే, దానికి రోగ నిర్ధారణ ఏం అక్కర్లేదు.

మందు కొట్టాలని తేలాక కూడా గోగుకి ఒక చిక్కుంది. ఈ ఆకే గోంగూర. చేనులో కలుపుకి వచ్చిన ఆడవాళ్ళు సాయంత్రం ఒడి నిండా ఆకు కోసుకుపోతారు, దారిన పోయేవాళ్ళూ కోస్తారు, సంతకి కూడా పోతుంది. నార పంటే కదా అని కొట్టిన మందు రాత్రికి పప్పులో తేలుతుంది. మోనోక్రోటోఫాస్ అనే పురుగు మందు కూరగాయల మీద 2005 నుంచే నిషేధం, గోగు మీద కొడితే అది కూరగాయ మీద కొట్టినట్టే. కొట్టక తప్పకపోతే గట్టు మీద ఎర్ర గుడ్డ కట్టి నాలుగిళ్ళకి చెప్పాలి.

ఇంకో చిన్న సంగతి, కెనాఫ్ రకం వేసినవాళ్ళు ఆకు ఫోటోలు వాట్సాప్‌లో పెట్టి ఇదేం తెగులు అని అడిగితే జబ్బు కన్నా ముందు ఇదేం పంట అన్న ప్రశ్న వస్తుంది, సరిహద్దులో కొండల మీద గంజాయి దాడులు ఎప్పుడూ వార్తల్లో ఉండేవే కాబట్టి. కాండం మీద సన్న ముళ్ళు, మధ్యలో ముదురెరుపు ఉన్న లేత పసుపు బెండ పువ్వు, ఇవి కెనాఫ్‌వి, గంజాయికి ఉండవు. ఫోటో పెట్టేటప్పుడు ఒక్క ఆకు కాకుండా మొక్కంతా, చేనంతా కనబడేలా పెడితే రోగం చెప్పేవాళ్ళకీ అదే మేలు.

చూపించడానికి చోట్లు లేకపోలేదు. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం గోగు మీదే పనిచేసి ఏఎంవీ పేరుతో గోగు రకాలు ఇచ్చిన చోటు, ఒరిస్సా వైపు గుణుపురంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. సమస్య ఎక్కడంటే పర్లాకిమిడి రైతు మందు పాతపట్నంలో కొంటాడు, సలహా ఒడియాలో వింటాడు, మందు డబ్బా మీద ఏముందో ఎవరూ చదవరు. మొక్క తీసుకెళ్ళేటప్పుడు వేరూ మట్టీతో సహా నాలుగైదు మొక్కలు, అన్నీ ఒకే దశవి కాకుండా ఇప్పుడే మొదలైనది, ముదిరినది, బాగున్నది తీసుకెళ్ళాలి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే చెమ్మకి మధ్యాహ్నానికే కుళ్ళిపోయి వేరే బూజు ఎక్కుతుంది, పాత పేపర్లో చుట్టాలి. ఒక కాయితం మీద ఎప్పుడు చల్లింది, ముందు పంట ఏంటి, చివరి వాన ఎప్పుడు, ఏయే మందులు ఏ రోజు పడ్డాయి, పక్క చేనులో ఏముంది అన్నవి రాసుకుని వెళ్తే చూసేవాళ్ళకి సగం పని అయిపోతుంది. మందుల సంగతి దాచొద్దు, దాస్తే తప్పు మందు మీద ఇంకో తప్పు మందు పడుతుంది.

ఏ మందు కొట్టినా చేనులో నాలుగు వరసలు కొట్టకుండా వదిలి, అటు చివర ఇటు చివర కర్రలు పాతాలి. మందు పనిచేసిందా వాతావరణం మారిందా అన్నది ఆ నాలుగు వరసలే చెప్తాయి, ఇంకెవరూ చెప్పలేరు. పాడైన చోటు చుట్టూ కూడా కోతకి ముందే కర్రలు పాతి గుర్తు పెట్టుకోవాలి, కోసి కట్టలు చెరువులో ఊరవేసాక ఆ చోటు ఎక్కడో ఎవరికీ గుర్తుండదు. కోత అయ్యాక ఆ కర్రల లోపల మట్టి ఒక సంచిలో, బాగా పండిన చోట మట్టి ఇంకో సంచిలో విడివిడిగా తీసి, రెండింటి మీదా ఏది ఎక్కడిదో రాసి పరీక్షకి ఇవ్వాలి, కలిపి ఒకే సంచిలో పోసి ఇస్తే వచ్చే రిపోర్టు ఆ రెండు చోట్లలో దేనికీ పనికిరాదు.